కొరికిన రొట్టెకో మేకు

భూమి మీద మమకారం తగ్గిపోవడం మానవజాతికి పట్టిన మహా అదృష్టమని నా గట్టి నమ్మకం. కోపమొస్తే వచ్చి కొట్టండి. మీ అంగారకుడి నుంచి ఇక్కడికి చేరేలోపు నా నమ్మకం మారిపోయినా మారిపోవచ్చు.

పూర్వం మా కజక్కులకు ఈ గడ్డిమైదానమంటే పిచ్చి. పరదేశం నుంచి వచ్చినవాడు ఇంట్లోకైనా వెళ్ళకుండా ముందు పుట్టిన నేల మీద పడి పొర్లేవాడు. ఆ బట్టలు ఉతికేవాళ్ళ గతేమిటో ఎవరైనా ఆలోచించారా?

ఇప్పుడా బెడద లేదు. షటిల్ దిగిన యాత్రికులు నెత్తి నుంచి కాలిదాకా మూసిన సూట్లలోనే పొర్లుతున్నారు. మా దుమ్ము వాళ్ళకు పడదని, టూరిజంవారు అంగారకుడి ఫ్యాక్టరీ నుంచి శుభ్రమైన మట్టి తెప్పించి పరిచారు. దాని మీద మా మైదానపు మాచిపత్రి వాసన స్ప్రే కొడతారు. పక్కనే మోకాలెత్తు పెరిగిన అసలు మాచిపత్రిని అడ్డంగా ఉందని పీకించారు. ఇంతకన్నా అభివృద్ధి ఏం కావాలండీ!

మొన్నొక యాత్రికుల పిల్ల పైకి చూసి, ఆకాశానికి వేరే రంగు దొరకలేదా అనడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ఈ అభివృద్ధికంతటికీ మా ఉల్మెకెన్ పిన్ని ఒక్కతే అడ్డం. ఊరు వదిలేవాడు రొట్టె ఓ పక్క కొరికి వెళ్ళడం మా ఆచారం. మిగిలింది వాడు తిరిగొచ్చి తినేదాకా ఇంట్లోవాళ్ళు దాచాలి. జనం అంగారకుడికి తరలిపోయి ఇళ్ళకు ఇళ్ళే ఖాళీ అయ్యేసరికి ఊరి రొట్టెలన్నీ పిన్ని గోడకెక్కాయి. గుడ్డ సంచుల్లో ఎండి రాళ్ళయ్యాయి. విసిరితే తల పగులుతుంది.

పోయిన ఎండాకాలం, ఎప్పుడో ఊరు వదిలిన దవుళెన్ మనవడు యాత్రికుడై వచ్చాడు. పిన్ని పరుగున వాళ్ళ తాత రొట్టె దించి చేతికిచ్చింది.

"మామ్మగారూ, దీంట్లో క్రిములుంటాయండీ," అని ఫొటో తీసుకుని వెళ్ళిపోయాడు.

"మీ తాత పళ్ళు నీకు రాలేదులేరా," అంది పిన్ని. రొట్టె దుమ్ము దులిపి మళ్ళీ గోడ మేకుకి తగిలించింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. చూసి నాకు నవ్వు రావాలి, రాలేదు.

నిన్న నాకూ షటిల్‌లో చోటు దొరికింది. అదృష్టమని చెప్పాను కదా. మంచి రొట్టె కాల్చి, ఓ పక్క కొరికి, పిన్నికి పట్టుకెళ్ళాను.

ఆమె అందుకుని, అటు తిప్పి, రెండో పక్క తానూ కొరికింది.

"ఇక్కడ ఆసుపత్రి మూసేస్తున్నార్రా. నన్నూ ఎక్కించేస్తున్నారు," అంటూ రొట్టె నా చేతిలోనే పెట్టింది.

"మరి ఇదెవరికివ్వాలి పిన్నీ?"

"పేపర్లో రాస్తావుగా, అడిగి చూడు."

అడుగుతున్నాను. ఈ పత్రిక చదివేవాళ్ళంతా అంగారకుడి మీదే ఉన్నారని తెలుసు. అయినా అడుగుతున్నాను. భూమి మీద ఉండిపోయేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పెద్ద పనేం కాదు, మా రొట్టె తగిలించుకోవడానికి మీ గోడ మీద ఒక మేకు ఇస్తే చాలు.