దశరథం సారు పత్తిచేని దండయాత్ర

ఓ సుద్దముక్కా! అరిగి అరిగి బొటనవేలి గోరంతైనా నల్లబల్లను విడువని దానా, నీవే నా నాలుక మీదికి దిగివచ్చి ఈ గాథ చెప్పింపుము. కత్తులు పట్టినవారిని కీర్తించుటకు కవులు కుప్పతెప్పలుగా ఉన్నారు. కత్తికి మారుగా ఎర్రకలము పట్టి, రథమునకు మారుగా పన్నెండుగురు ఎక్కిన ఆటోలో ఒక కాలు బయట వ్రేలాడదీసి రణరంగమునకు విచ్చేయు వీరుని కీర్తించుటకు నీవు తప్ప నాకు దిక్కు లేదు.

శాలివాహన శకము పందొమ్మిది వందల ఇరువదియైదు, స్వభాను సంవత్సర భాద్రపద మాసమున, అనగా మన గోడ క్యాలెండరు లెక్కకు రెండువేల మూడు సెప్టెంబరున, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డసీమలో, ధరూరు మండలమందలి ఒక గ్రామమున, ఏడవ తరగతితో ఆయువు తీరిపోవు ఒక ప్రాథమికోన్నత పాఠశాల కలదు. దానికి అధిపతి ఉపన్యాసభయంకరుడు, హాజరుపట్టీధురంధరుడు, గద్వాల నుండి పదిగంటల ఆటోకు వచ్చి నాలుగున్నర ఆటోకు తప్పక మరలు నియమవ్రతుడు, ప్రధానోపాధ్యాయుడు దశరథం సారు. ఆ బడిలో ఏడవ తరగతియే చివరి యేడు. జిల్లా అంతటికీ ఒకటే ప్రశ్నపత్రముతో జరుగు ఆ పరీక్ష గట్టెక్కిన పిల్ల ధరూరు హైస్కూలుకు పోవును, తప్పిన పిల్ల తిన్నగా చేనికి పోవును. గడచిన యేడు పందొమ్మిది మంది వ్రాయగా నలుగురు గట్టెక్కిరి. పక్కవాని కాగితము చూచి వ్రాయకపోవుటయే ఆ నలుగురి అదృష్టమని నా అభిప్రాయము.

అట్టి తరుణమున మండల విద్యాధికారి కచేరి నుండి ఒక శ్రీముఖము వచ్చెను. చివరి యేటికి విద్యార్థులను, తల్లిదండ్రులను సన్నద్ధులను గావించి నెలాఖరులోగా నివేదిక పంపవలెనని అందులో ఉండెను. అది చదివి దశరథం సారు మీసము దువ్వెను. ఉదయము పదిన్నరకు ప్రత్యేక తరగతి అని గోడకు కాగితము అంటించెను. తల్లిదండ్రులకు ఉద్బోధ చేయుటకై అదే పదిన్నరకు మహాసభ అని చాటింపు వేయించెను.

మొదటి సభకు ఇద్దరు వృద్ధులు, ఒక మేక విచ్చేసిరి. వృద్ధులు పింఛను సభ అనుకొని వచ్చినవారు. మేక మాత్రము ఏ అపోహ లేక వచ్చి, గోడకు అంటించిన కాగితమును సగము వరకు ఆరగించెను. రెండవ సభకు చాటింపు వేసిన మాసయ్యయే వచ్చి, తన చాటింపుకు తానే శ్రోత అయ్యెను. మూడవ సభకు మాసయ్య కూడా రాలేదు. ప్రత్యేక తరగతి సంగతి చెప్పనక్కరలేదు. పదహారుగురు పిల్లలలో ఒక్కరును పదిన్నరకు బడి ముఖము చూడలేదు. నలుబది నిమిషముల ఉపన్యాసమును గొంతులోనే మోసి మోసి సారునకు గొంతు వాచెను.

"ఏమిరా మాసయ్యా! విద్యాగంధము సోకని ఈ జనులకు బిడ్డల భవితవ్యము మీద ఇంత నిర్లక్ష్యమా?" అని ఆయన గర్జింపగా, మాసయ్య తలపాగా సర్దుకొని మెల్లగా ఇట్లనెను.

"సారూ, పదిన్నరంటె పూల టైము గద. ఊర్ల పిట్ట గూడ ఉండదు. అందరు చేన్లల్ల క్రాసింగు చేస్తుంటరు."

ఈ క్రాసింగు అనగా ఏమని అడుగు అమాయకులకు చెప్పుచున్నాను. విత్తనపు పత్తి పండించు ఆ సీమలో, సాయంకాలము మొగ్గలను గోటితో ఒలిచి, లోని పుప్పొడి కాడలు తీసివేసి, గుర్తుకు ఎర్రకాగితపు ముక్క తొడిగి వత్తురు. మరునాటి ఉదయము మగసాలు, అనగా మగమొక్కల వరుస నుండి పూలు తెంపి, ఆ ఒలిచిన మొగ్గల కొనలకు ఒక్కొక్క దానికి రుద్దుదురు. పదకొండు దాటినచో పువ్వు పని చేయదు. ఆ పువ్వు మండల విద్యాధికారి చెప్పినను వినదు. ఎనిమిదేండ్లుగా ఆ చేల నడుమ నుండియే ఆటోలో వచ్చిపోవుచున్న మన వీరునకు మాత్రము ఈ సంగతి ఆనాడే తెలిసెను. ఆటోలో ఆయన సదా నిద్రించుచుండెననుట గమనింపుడు.

"పర్వతము మన యొద్దకు రానిచో మనమే పర్వతమును తొక్కి వత్తుము!" అని పలికి, మరునాడు ఆటో దిగగనే ఆ వీరుడు ఎడమ చంకన హాజరుపట్టీ, కుడి చేత గొడుగు, జేబున ఎర్రకలము ధరించి, నిగనిగలాడు నల్లబూట్లతో దండు వెడలెను. దండు అనగా ఆయన, వెనుక మాసయ్య. ముందురాత్రి వాన కురిసి ఉండెను. రేగడి నేల మొదటి గట్టు వద్దనే ఆయన కుడి బూటును ఆదరముతో పుచ్చుకొని తిరిగి ఇవ్వలేదు. ఒంటిబూటుతోనే పోవుట వీరలక్షణమని భావించి ఆయన ముందుకు సాగెను.

ఆయన గురిపెట్టినది తిమ్మమ్మ చేను. తిమ్మమ్మ, ఆమె మగడు రామన్న అరయెకరములో విత్తనపు పత్తి వేసిరి. వారి కూతురు సింధూజ ఏడవ తరగతికి లీడరు. ఆ పిల్ల వచ్చినచో తక్కిన పదిహేనుగురూ వత్తురని సారు వ్యూహము. పిల్లకు ధరూరు హైస్కూలు మీద ప్రాణము. అక్కడ సైన్సు గదిలో అద్దాల బీరువా ఉన్నదట, పిల్ల దానిని ఒక్కసారి కిటికీలోనుండి చూచెను. రామన్నకు మాత్రము పిల్ల చేతివాటము మీద ప్రాణము. ఆ వేళ్లు పూల మీద ఆడినట్లు ఊరిలో ఎవరి వేళ్లూ ఆడవు. ఏడవ తరగతి తప్పినచో ఇక బడి మాట ఎత్తవద్దని అతడు ఇంట ముందే చెప్పి ఉంచెను.

నడుము వరకు ఎదిగిన పత్తిలో ముగ్గురూ వంగి ఉండిరి. సారు గట్టెక్కి, గొడుగును గదవలె నేలకు తాటించి, మూడు సభల ఉపన్యాసమును ఒక్క పెట్టున విప్పెను.

"ఓ తిమ్మమ్మా! ఓ రామన్నా! విద్యావిహీనుడు వింతపశువని పెద్దలు చెప్పిరి గదా! ముందున్నది చివరి యేడు, అగ్నిపరీక్ష! గణితమహారణ్యమున భిన్నములనెడి పులులు పొంచియున్నవి! ఆంగ్లభాషాసాగరమున క్రియాపదములనెడి మొసళ్లు నోరు తెరచియున్నవి! ఇట్టి వేళ పసిబాలికను పుప్పొడిపాలు చేయుదురా? పదిన్నరకు ప్రత్యేక తరగతికి పంపుడు, లేదా చరిత్ర మిమ్ము క్షమింపదు!"

రామన్న చేను అవతలి కొస నుండి తల ఎత్తి, "ఎవరే, మందుల కంపెనోళ్లా?" అని కేకవేసెను.

"కాదు, సారు వచ్చిండు!" అని తిమ్మమ్మ బదులు పలికి, చేయి ఆపకయే ఇటు తిరిగెను. "దండాలు సారూ. గట్టు మీద జారుడున్నది, పైలం. గని మీరు చెప్పింది నాకు ఎరుకైంది. పిల్లను తోల్కపోతరు. మల్ల ఈ రెండు సాళ్లు ఎవరు చేస్తరు? పదకొండు దాటితె నిన్న పొద్దుమీకి ఒలిచిన మొగ్గలన్ని ఊకె పోతయి. కూలోళ్లు దొర్కుతలేరు. మీరు చేస్తరా?"

"చేయలేననుకొంటివా?" అనెను దశరథం సారు. నోట వచ్చిన మాటను వెనుకకు తీసికొనుట ఉపాధ్యాయ ధర్మము కాదు. తప్పు లెక్కను కూడా ఆయన ఏనాడూ తుడిచి ఎరుగడు.

"అయితె ఒక్క సాలు చెయ్యుండ్రి. చేసిండ్రనుకో, రేపటి సంది పిల్ల మీదే."

అంతట మహాసంగ్రామము సంఘటిల్లెను. పదిగంటల ఇరువది నిమిషములకు వీరుడు హాజరుపట్టీని మాసయ్యకు అప్పగించి, చొక్కా చేతులు మడచి, మగపువ్వు నొకదానిని తెంపి పట్టి, మొదటి ఎర్రకాగితము మీదికి ఉరికెను. కాగితము తీసిన వేగమునకు దానితోబాటు మొగ్గయే ఊడి చేతికి వచ్చెను. రెండవ మొగ్గకు పువ్వు రుద్దబోగా కొన తెగిపడెను. మూడవ దానికి తుమ్ము వచ్చెను. నాలుగవ దానికి మగపువ్వులోని పుప్పొడి అంతయు మీసమునకు అంటుకొని, పత్తికి దక్కవలసిన యోగము మీసమునకు పట్టెను. ఐదవ మొగ్గ వద్ద ఒక పచ్చపురుగు ఆయన మణికట్టు మీదికి దయచేయగా, ఆ వీరశిఖామణి గ్రాంథికమును పూర్తిగా విడిచిపెట్టి, "అయ్యయ్యో, మాసిగా, తియ్యరా దీన్ని, పానం పోతున్నది!" అని అరచెను.

"ఏం జేయదు సారూ, అది ఆకు తినేది, సారును తినేది కాదు" అని మాసయ్య దానిని రెండు వేళ్లతో తీసివేసెను.

పక్క సాలులో సింధూజ మాట్లాడక సాగిపోవుచుండెను. ఎడమచేతితో కాగితము తీయుట, కుడిచేతితో పువ్వు రుద్దుట, ముందుకు అడుగు వేయుట, ఇంతే ఆమె పని. ఒక్క పువ్వుతో ఐదారు మొగ్గలు ముగించుచుండెను. పన్నెండేండ్ల పిల్లకు అంతటి నేర్పు ఉండుట చూచి సంతోషింపవలెనో ఏడ్వవలెనో నాకు తెలియదు, సుద్దముక్కా, నీకు తెలిసిన చెప్పుము. మన వీరునకు మాత్రము ఆ చింత లేదు. ఆయనకు నడుము పట్టుకొనెను.

పదకొండయ్యెను. సాలులో నాలుగవ వంతు కూడా ముగియలేదు. యుద్ధఫలితమును తిమ్మమ్మ తానే నడిచి లెక్కించెను: సారు తాకిన మొగ్గలు ఇరువది మూడు, అందు విరిగినవి పదునాలుగు, వట్టిగా తడిమి విడిచినవి ఎనిమిది, సరిగా అంటినది ఒకటి.

"ఒక్కటి గాని, బాగ అంటింది" అని ఆమె ధర్మము తప్పక పలికెను.

దశరథం సారు గట్టు మీద కూలబడి, మీసము నిండ పసుపుతో, చివరి అస్త్రము సంధించెను. "నేనేమి చేయుదును తల్లీ! ఉదయము మీ పూలు, మూడు దాటిన పిదప మీ మొగ్గలు! పిల్లకు చదువు చెప్పుటకు ఆ విధాత నాకు వేళనే ఇవ్వలేదు!"

అప్పుడు మాట్లాడెను సింధూజ. అంతవరకు ఎవరూ ఆ పిల్లను ఏమీ అడుగలేదు గదా.

"మద్యాన్నం ఉన్నది గద సారూ. పన్నెండింటికి మేం అందరం బడికొస్తం, బువ్వ తింటం. మూడింటి దాంక ఆడ్నే ఉంటం."

"మరి అప్పుడేమి చేయుచున్నారు మీరు?" అని సారు గద్దించెను.

"ఏం జేయం సారూ. మీరు రెండు బెంచీలు కలిపి పండుకుంటరు గద. లొల్లి గాకుండ చూడుమని నన్ను తలుపు కాడ నిలవెట్టిండ్రు. రెండున్నర దాంక నేను అందరిని సప్పుడు చెయ్యనియ్య."

మాసయ్య హాజరుపట్టీతో ముఖము కప్పుకొనెను, నవ్వుటకై. తిమ్మమ్మ చేతిలోని పువ్వు కింద పడెను.

"ఏందీ?" అనెను ఆమె. "నా బిడ్డ చదువుతున్నదని గద నేను దాని నాయనతోటి రోజు కొట్లాడుతున్న! మద్యాన్నం చదువుతున్నది, ఊకో అని గద అంటున్న! అది మీ నిద్రకు కావలి ఉంటున్నదా సారూ?"

ఉపన్యాసభయంకరుడు ఆకాశము చూచెను, ఒంటిబూటు చూచెను, పిల్ల ముఖము మాత్రము చూడలేకపోయెను. ఆ పిల్ల కోపముతో అనలేదు. అడిగితిరి కావున చెప్పితిని అన్నట్లు అనెను. సిగ్గు అన్నది ఆయనకు ఎనిమిదేండ్ల సర్వీసులో ఆ గట్టు మీద మొదటిసారి కలిగెను. ఇది ఆయన గొప్ప కాదు గాని, కలిగినది కలిగినట్లు చెప్పవలెను గదా.

"అట్లైతె... పన్నెండున్నరకు పెడుదామా తరగతి?" అనెను చివరకు, మామూలు మనిషివలె.

"రెండింటి దాంక" అనెను తిమ్మమ్మ.

"ఒకటిన్నర..."

"రెండు, సారూ. మీ సాలుల మొగ్గలన్ని ఊకె పోయినయి గద."

"రెండే" అనెను వీరుడు. అట్లు సంధి కుదిరెను. రామన్న అవతలి కొస నుండి, "సారు పోయిండా?" అని అడిగెను.

మరునాడు మధ్యాహ్నము పన్నెండున్నరకు, పప్పు అన్నము తిని చేతులు కడిగిన పదహారుగురు పిల్లలు నేల మీద వరుసగా కూర్చుండిరి. వేళ్ల కొనలన్నియు పుప్పొడితో పచ్చగా ఉండెను. బెంచీలు రెండును విడివిడిగా గోడకు చేరి, తమ ప్రభువు కొరకు బెంగగా చూచుచుండెను. దశరథం సారు సుద్దముక్క పట్టి, మూడింట రెండు వంతులకు నాలుగింట ఒక వంతు కలుపవలెనని బల్ల మీద వ్రాసెను. వ్రాయగనే, ఎనిమిదేండ్లుగా ఆ గదిని ఏకచ్ఛత్రాధిపత్యముగా ఏలిన నిద్రాదేవి సర్వసైన్యముతో వచ్చి ఆయన రెండు రెప్పల మీద బైఠాయించెను. తల మొదట ముందుకు వాలెను, పిదప పక్కకు వాలెను. సుద్దముక్క బల్ల మీద ఒక పొడుగాటి గీత గీచుచు కిందికి జారుచుండెను.

నిన్నటివరకు నోటి మీద వేలు పెట్టి అందరిని ఊరకుంచిన సింధూజ లేచి నిలబడి, గోడలు దద్దరిల్లునట్లు, "సారూ, లెక్క!" అనెను.

వీరుడు ఉలిక్కిపడెను. అప్పుడే పుట్టి, దవడలను రెండుగా చీల్చుటకు సిద్ధమైన ఒక మహాజృంభణము, అనగా ఆవలింత, ఆయన కంఠద్వారము వద్ద నిలిచియుండెను. పదహారు జతల కన్నులు చూచుచుండగా ఆయన దవడ బిగించెను, ముక్కుపుటములు ఎగరవేసెను, కన్నీరు కార్చెను, కడకు దానిని గుటుక్కున మింగెను. అటుపిమ్మట పన్నెండవ వంతులు చేసి, పదకొండు వచ్చునని చూపి, లెక్కను చివరి వరకు నడిపెను.

ఆ సాయంకాలము నివేదికలో ఆయన, "మా అవిరళ పరిశ్రమ ఫలితముగా తల్లిదండ్రులెల్లరు చివరి యేటికి సన్నద్ధులైరి" అని వ్రాసి సంతకము చేసెను. తల్లిదండ్రులు బడి తెరచిన జూన్ నుండియే సన్నద్ధులై యుండిరని వ్రాయుటకు అందులో గడి లేదు.

కావున జనులారా, చాటుడు! నడిగడ్డసీమలో, స్వభాను సంవత్సరమున, ఒక బూటును నేలకు, ఒక పువ్వును పత్తికి అర్పించి, దశరథం సారు ఒక్క ఆవలింతను జయించెను. రెండవ లెక్కకు ఇంకొకటి వచ్చెను. సింధూజ నిలబడియే ఉండెను.