తొమ్మిది ప్రతుల రాజీనామా

అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి, నిన్నటి రాజీనామాను ప్రింటరు క్యూలోంచి తీయించేయాలి. ఆ ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం అంతే. నిన్న సెలవు అడిగితే మేనేజరు నలుగురిలో నవ్వాడు. తన కంప్యూటరు మొరాయించడంతో, భోజనానికి వెళ్ళిన మేనేజరు కంప్యూటరు మీదే కూర్చుని గుమాస్తా ఉత్తరం కొట్టాడు. ప్రింటు రాలేదు. తొమ్మిదిసార్లు నొక్కాడు. అయినా రాలేదు.

ఇంటికి చేరాక భార్య ఒకే మాట అడిగింది. "ఉన్నది మీ ఒక్క ఉద్యోగం. అదీ వదిలేసి ఇద్దరం మొహమొహాలు చూసుకుంటూ కూర్చుందామా?"

కంప్యూటర్లు చూసే అమ్మాయి అప్పటికే ప్రింటరు ముందు ఉంది.

"ఫిల్టరు పడిపోయింది బాబాయ్. అది దుబాసీ లాంటిది. మన కాగితాన్ని ప్రింటరుకి అర్థమయ్యే భాషలో చెబుతుంది. మేనేజరుగారి రిపోర్టులో ఏదో బొమ్మ దానికి కొరుకుడు పడలేదు. వెనకున్నవన్నీ ఆగిపోయాయి."

"పోనీ, ఇవాళ్టికి దుబాసీకి సెలవిచ్చెయ్యరాదూ?"

"పదకొండింటికి డైరెక్టరు మేడమ్ వస్తున్నారు. రిపోర్టు రాకపోతే సెలవు నాకిస్తారు."

ఆమె అటు తిరగగానే గుమాస్తా ప్రింటరు ప్లగ్గు పీకేశాడు. ఆమె నవ్వి మళ్ళీ పెట్టింది.

"దీన్ని ఆపితే ఏమొస్తుంది? కాగితాలున్నది సర్వర్లో. ఎన్నాళ్ళైనా ఓపిగ్గా కూర్చుంటాయి."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అందులో నాదొకటుంది. తీసెయ్యమ్మా."

"మీ పేరుతో ఏం లేదే. ఉన్నవన్నీ మేనేజరుగారివే."

"అదే... ఆయన పేరుతో ఉన్న నాది."

"అయితే ఆయన్నడిగి తీసేస్తా."

"వద్దొద్దు!"

ఆ కేకకు మేనేజరు వచ్చాడు. "ఏంటయ్యా ఆ అరుపులు? పోయి మీటింగు గదిలో కుర్చీలు సర్దు."

ఆరో కుర్చీ దగ్గర ఉండగా ప్రింటరు చప్పుడు వినిపించింది. గుమాస్తా పరుగెత్తాడు. రిపోర్టు వచ్చేసింది. దాని వెనకే ఉత్తరాలూ వస్తున్నాయి. మొదటిది అప్పటికే, అనుకున్నదానికంటే ముందే వచ్చేసిన డైరెక్టరు చేతిలో ఉంది. దాని పైన అట్టలా వచ్చిన కాగితం మీద, పంపినవారి పేరు పెద్దక్షరాలతో ఉంది. మేనేజరు పేరు. ఉత్తరం అడుగున ఏ పేరూ లేదు. కోపంలో గుమాస్తా తన పేరు కొట్టడమే మరిచిపోయాడు.

"'మూడేళ్ళుగా ఒక్క సెలవు లేదు. నేనూ మనిషినేనన్న సంగతి మరిచిపోయారు. ఇక నావల్ల కాదు.'" ఆమె చదివి తలెత్తింది. "తొమ్మిది కాపీలా?"

మేనేజరు కాగితం చూశాడు. గుమాస్తాను చూశాడు. అంతా అర్థమైంది. ఇక ఆయన ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం ఊడుతుంది. గుమాస్తా గోడకు ఆనుకున్నాడు.

"ఇంత బాధపడుతూ ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ?" అంది డైరెక్టరు. "రాజీనామా ఒప్పుకోను. ఇవాళ్టి నుంచి నెల రోజులు సెలవు తీసుకోండి."

మేనేజరు నోరు తెరిచి, మూసి, జేబురుమాలు తీశాడు. "తమరు అర్థం చేసుకున్నారు మేడమ్. అంతే చాలు."

"మరి ఇక్కడి పని?"

మేనేజరు కళ్ళు తుడుచుకుంటూనే గుమాస్తా వైపు వేలు చూపించాడు.

ఉద్యోగం పోతుందని పొద్దున వణికిన మనిషికి మధ్యాహ్నానికి రెండు ఉద్యోగాలయ్యాయి, జీతం మాత్రం ఒకటే.