నల్లగుడ్డ కట్టిన కారు

గురువారం ఉదయం ఆరింటికి హర్తాళ్ మొదలైంది. ఆరుంబావుకి కురువిళ కూడా తన పని మొదలుపెట్టాడు. కొండ కింద తీక్కోయిలో హర్తాళ్ అంటే పూర్తి బంద్, టీ కొట్టు రేకు కూడా లేవదు. బస్సుల్లేవు, లారీల్లేవు, రోడ్డు కడిగిన కంచంలా ఉంది. కారు నడిపి చూడాలంటే ఇంతకంటే మంచి రోజు దొరకదని అతను రాత్రే తేల్చుకున్నాడు.

మూడు నెలల్లో పదకొండు కార్లు చూశారు. ఒకదాని సీటు కింద చెయ్యి పెడితే వరదనాటి బురద తగిలింది. ఇంకోదానికి ఇంజను బాగుంది, బ్రేకు తొక్కితే మాత్రం కాసేపు ఆలోచించి ఆగేది. ఉన్న డబ్బుకి అలాంటివే దొరుకుతున్నాయి. కూతురు రిన్సీకి పీరుమేడు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. వాగమణ్ మీదుగా కొండదారి. ఒకవైపు రాయి, ఇంకోవైపు లోయ, జూలై వానలో ముందు ఏముందో కనబడదు. డ్యూటీ అయ్యేసరికి బస్సు ఉండదు. గుద్దుకున్నా మనిషి మిగిలే కారు కావాలంది రిన్సీ. దారిలో ఆగిపోని కారు కావాలంది భార్య ఏలిక్కుట్టి. కురువిళ కోరిక మూడోది, ఎవరికీ చెప్పనిది. ఇరవై ఆరేళ్ళుగా రబ్బరు సొసైటీ పొగగదిలో షీట్లు ఆరేస్తున్న మనిషి. ముఖానికి ఏసీ గాలి కొడుతుంటే కొండెక్కాలని అతని ఆశ.

ఈ మూడూ ఉన్న కారు చివరికి ఒక్కటి దొరికింది. ఇట్టూప్ సారుది. ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన ఇట్టూప్ సారు తన బూడిదరంగు కారుని పరీక్ష పేపర్లంత జాగ్రత్తగా చూసుకున్నాడు. మెకానిక్ కిందికి దూరి చూసి, "కళ్ళు మూసుకుని తీసుకో చేట్టా, పెళ్ళికూతురిలా ఉంది" అన్నాడు. కాకపోతే సారు ఒక షరతు పెట్టాడు. కొనేవాడు తనని పక్కన కూర్చోబెట్టుకుని వాగమణ్ దాకా నడపాలి, నడిపే తీరు నచ్చితేనే ఇస్తాడు. సాయంత్రం ఆరింటికి హర్తాళ్ అయిపోగానే కాంజిరప్పళ్ళి నుంచి పళ్ళ డాక్టరు ఒకాయన అదే కారు కోసం వస్తున్నాడు. కాబట్టి తేలాల్సిందేదో ఆరు లోపలే తేలాలి.

"హర్తాళ్ వాళ్ళు ఆపితే ఏం చేస్తారు?" అంది ఏలిక్కుట్టి.

"దానికీ ఉపాయం ఉంది" అన్నాడు కురువిళ. 'వివాహం' అని కాగితం అంటించుకుంటే కారులో పట్టుచీర కనబడాలి. 'ఆసుపత్రి' అంటే మూలిగే మనిషి ఉండాలి. 'మరణం' అంటే ఎవరూ ఏమీ అడగరు. పాత గొడుగు నుంచి నల్లగుడ్డ కత్తిరించి, కాగితం మీద ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసి, జిగురు డబ్బా జేబులో వేసుకున్నాడు.

"పప్పా, ఇది నాకేం నచ్చట్లేదు" అంది రిన్సీ.

"నీకోసమే మోళే. నోరు మూసుకుని వెనక కూర్చో."

సారు ఇంటి ముందు, ఆయన బయటికి రాకముందే, కాగితం కారు ముందు అద్దానికి అంటించి నల్లగుడ్డ పక్క అద్దానికి కట్టేశాడు కురువిళ. ఇట్టూప్ సారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో, చేతిలో చిన్న డైరీతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. నిజంగానే చావింటికి బయల్దేరిన మనిషిలా ఉన్నాడు. అద్దం మీది కాగితం ఆయనకి వెనకవైపు నుంచి తెల్లగానే కనబడింది.

"ఏంటది?"

"హర్తాళ్ వాళ్ళ అనుమతి సార్."

"ఆ నల్లగుడ్డ?"

"దిష్టికి సార్."

సారు తలాడించాడు. కురువిళ కారు కదిపాడు. సొసైటీ జీపు తిప్పి తిప్పి గట్టిపడ్డ చేతులకి ఆ స్టీరింగు వెన్నలా తగిలింది. ఎడమ చెయ్యి మెల్లిగా ఏసీ బొత్తాం వైపు వెళ్ళింది.

"అది ముట్టొద్దు" అన్నాడు సారు. "ఇంజనుకి బరువు. నేను తొమ్మిదేళ్ళలో నాలుగుసార్లు వేశాను."

మొదటి అడ్డు కూడలిలోనే ఎదురైంది. రోడ్డుకి అడ్డంగా బల్ల, దాని పక్కన రాళ్ళు, జెండా పట్టుకుని పార్టీ మనిషి తంకప్పన్. చెయ్యెత్తి ముందుకొచ్చిన తంకప్పన్ కాగితం చూశాడు, నల్లగుడ్డ చూశాడు. మోకాళ్ళ పైకి ఎగగట్టిన పంచెని టక్కున దించాడు. వెనకున్న ఆరుగురూ దించారు. కురువిళ తన తెలివికి తనే మురిసిపోయే లోపు తంకప్పన్ కిటికీ దగ్గర వంగాడు.

"పోయిందెవరు అచ్చాయా?"

కురువిళ ఈ ప్రశ్నకి సిద్ధంగా లేడు. వాగమణ్ దారిలో తనకున్న చుట్టం ఒక్కడే. పొలం గట్టు తగాదాతో తొమ్మిదేళ్ళుగా మాటల్లేని మేనమామ. ఆ పేరే నోట్లోంచి వచ్చింది.

"మా ఔతచ్చన్ మామ. వాగమణ్‌లో."

తంకప్పన్ ముఖం వాడిపోయింది. "ఔతచ్చన్ చేట్టనా? నాకు మొదటి జెండా చేతికిచ్చింది ఆయనే కదా. పార్టీకి పాతకాలపు మనిషి." అతను వెనక్కి తిరిగాడు. "బల్ల తీసెయ్యండ్రా. ఆఫీసులో పూలచక్రం ఉంది, రిబ్బను మీద పేరు రాసి పట్రండి. నేనూ వెళ్తున్నా." ఎవరూ పిలవకుండానే వెనక తలుపు తీసుకుని, ఎర్ర పూలచక్రం ఒళ్ళో పెట్టుకుని రిన్సీ పక్కన కూర్చున్నాడు.

రిన్సీ ముందుకి వంగి తండ్రి చెవిలో, "పప్పా, తాతయ్యేనా దొరికింది? లోకంలో ఇంకో పేరే లేదా?" అంది.

ఇట్టూప్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కురువిళా, మేనమామ పోయాడా?"

అప్పుడే చెప్పేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కురువిళ చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ సారు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంత బాధలోనూ నాకిచ్చిన మాట కోసం వేళకి వచ్చావు. ఇలాంటి మనిషి కోసమే నేను ఇన్నాళ్ళూ చూస్తున్నా. ఇక పరీక్షేమీ లేదు. కారు నీకే. కాగితాలు సాయంత్రం రాసేద్దాం."

కురువిళ తెరిచిన నోరు మూసేశాడు.

కారు దొరికింది. ఇప్పుడు దొరికిన కారు పోకుండా ఉండాలంటే మామ ఇంటికి చేరకూడదు. "అయితే సార్, ఇంక పైదాకా దేనికి? తిరిగి వెళ్ళిపోదాం" అన్నాడు.

వెనక నుంచి తంకప్పన్, "మేనమామ శవం దగ్గరికి వెళ్ళకుండా తిరిగిపోతావా? గట్టు తగాదా చచ్చాక కూడానా?" అన్నాడు. సారు కూడా అదేమిటన్నట్టు చూశాడు. కురువిళ గేరు మార్చి కొండెక్కించాడు.

తంకప్పన్ ఫోను చేస్తూనే ఉన్నాడు. రెండో అడ్డు దగ్గర బల్ల ముందే తీసేసి ఉంది. నాలుగు బైకులు నల్ల జెండాలతో కారు ముందు చేరాయి, వెనక మూడు ఆటోలు. "శవాన్ని ఉంచే ఫ్రీజరు బండి కూడా ఈరాట్టుపేట నుంచి పిలిపించా, పైన దొరకదు" అన్నాడు తంకప్పన్ ముక్కు చీదుకుంటూ. రిన్సీ తాతయ్యకి ఫోను చేద్దామని చూసింది. ఆయన దగ్గర ఫోను లేదు, ఉన్నా ఆ ఇంటి దగ్గర సిగ్నల్ గీతలు రావు.

వాన పెరిగింది. నలుగురి ఊపిరికి లోపల అద్దం మసకేసింది. ఏసీ వేస్తే అరనిమిషంలో పోయే మసక. కురువిళ బొత్తాం వైపు చూశాడు, సారు కురువిళ వైపు చూశాడు. కురువిళ పక్క కిటికీలోంచి చెయ్యి చాచి, బయటి అద్దానికి కట్టిన నల్లగుడ్డ పీకి, దాంతోనే తుడుచుకుంటూ నడిపాడు. ఎడమ పక్కన లోయ మంచుతో నిండి పాలగిన్నెలా ఉంది. బైకులు వంపు తిరిగి మాయమయ్యాయి. కురువిళ కూడా తిరిగాడు.

వంపు అవతల రోడ్డుకి అడ్డంగా సిల్వర్‌ఓక్ మాను పడుకుని ఉంది. మూడో అడ్డు అదే. దాన్ని పెట్టినవాళ్ళు చావు కబురు విని, మాను అక్కడే వదిలేసి ఔతచ్చన్ ఇంటికి వెళ్ళిపోయారు. బైకులు సందులోంచి దూరిపోయాయి.

"పప్పా" అంది రిన్సీ, చాలా చిన్న గొంతుతో.

కురువిళ బ్రేకు తొక్కాడు. పాదం కింద బ్రేకు టకటకమని కొట్టుకుంది. పూలచక్రం ఎగిరి సారు మెడలో పడింది. నీళ్ళ మీద కారు జారింది కానీ పక్కకి తిరగలేదు, లోయ వైపు ఒక్క జానెడు కూడా పోలేదు, గీత గీసినట్టు తిన్నగా పోయి మానుకి మూరెడు ఇవతల ఆగింది. బండి ఎలా ఆగిందో రిన్సీ కళ్ళారా చూసింది. ఆమెకి కావాల్సింది ఇదే.

సారు మెడలోంచి పూలచక్రం తీసి వెనక్కి అందించి, డైరీ తెరిచి ఏదో రాసుకున్నాడు.

అందరూ దిగి మాను పక్కకి లాగారు. అంతలో వెనక నుంచి ఫ్రీజరు బండి సైరన్ వేసుకుంటూ వచ్చింది. అందరూ మర్యాదగా దారిచ్చారు. అది ముందుకి వెళ్ళిపోయింది.

"సార్, మీకో మాట చెప్పాలి" అన్నాడు కురువిళ.

"దుఃఖంలో మాట్లాడకూడదు. నడుపు" అన్నాడు సారు.

ఔతచ్చన్ వాకిట్లో అప్పటికే ముప్ఫై గొడుగులున్నాయి. అరుగు మీద ఎనభై ఒక్కేళ్ళ ఔతచ్చన్ ఉడికించిన కర్రపెండలం దుంప పచ్చిమిరప చట్నీలో అద్దుకుని తింటున్నాడు. పక్కన ఫ్రీజరు బండి డ్రైవరు పాలు లేని కట్టన్ కాఫీ తాగుతున్నాడు. డ్రైవరు వచ్చి ఔతచ్చన్ ఇల్లెక్కడని అడిగితే ముసలాయన ఇదేనన్నాడట. పోయినాయన ఎక్కడున్నారంటే, వస్తాడు, ముందు కాఫీ తాగు అన్నాడట. మిగతావాళ్ళు వెనక్కి పోలేక వాకిట్లోనే నిలబడిపోయారు.

కురువిళ కారు దిగాడు. తొమ్మిదేళ్ళ తర్వాత మామా మేనల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వేనా చంపింది?" అన్నాడు ఔతచ్చన్. "అనుకున్నా. ఇంకెవరికుంది అంత సరదా."

ఇట్టూప్ సారు నెమ్మదిగా దిగి, అద్దం ముందుకి వెళ్ళి, కాగితం మీది అక్షరాలు రెండుసార్లు చదివాడు. "కురువిళా. పోయిందెవరు?"

"ఎవరూ పోలేదు సార్."

"ఇది అనుమతి కాగితం కాదు."

"కాదు సార్" అన్నాడు కురువిళ. "ఆరింటికి ఆ డాక్టరు వస్తాడు. సోమవారం నుంచి పిల్ల ఈ దారిలోనే ఒక్కత్తీ రావాలి. నేను చూసినవాటిలో దీనికి తప్ప దేనికీ సరిగ్గా బ్రేకులు లేవు. తప్పు నాది. పిల్ల వద్దంటూనే ఉంది."

తంకప్పన్ పూలచక్రం పట్టుకుని ఊగిపోతున్నాడు. "హర్తాళ్ రోజున నీ కారు షికారుకి మా చేతే రాళ్ళు తీయించావా? దారి పొడుగునా ఏడిపించావు కదరా నన్ను."

"తంకప్పా, అదిలా తే" అన్నాడు ఔతచ్చన్. పూలచక్రం మోకాళ్ళ మీద పెట్టుకుని రిబ్బను మీది అక్షరాలు వేలితో చదువుకున్నాడు. "నా పేరు తప్పులేకుండా రాశారు. తొమ్మిదేళ్ళలో నా వాకిట్లో ఇంతమందిని చూళ్ళేదు. నిజంగా పోయాక వస్తే నాకేం తెలిసేది? కూర్చోండి, దుంప ఉంది." తర్వాత సారు వైపు తిరిగాడు. "సారే, కారు వీడికే ఇచ్చెయ్యండి. మళ్ళీ చంపాలంటే వీడు ఇక్కడికి రావాలి కదా."

ఎవరో నవ్వారు. సారు నవ్వలేదు. డైరీ తెరిచి, తరగతిలో మార్కులు చదివినట్టు చదివాడు. "వంపుల్లో తొందరపడలేదు. అక్కర్లేని హారను కొట్టలేదు. బ్రేకు సరైన చోట వేశాడు. నిజం చెప్పడంలో సున్నా." డైరీ మూశాడు. "డాక్టరుకి ఫోన్ చేసి రావద్దంటాను. కారు అమ్మాయి పేరున రాస్తాను. కిందికి అమ్మాయే నడుపుతుంది. నువ్వు మాత్రం నా కారెక్కొద్దు."

రిన్సీ తాళాలు తీసుకుంది. ముందు సీట్లో సారు, వెనక ఔతచ్చన్, పక్కన తంకప్పన్. చెల్లెలు పోయాక కురువిళ ఇంటి గడప తొక్కలేదని, ఇవాళ భోజనం అక్కడేనని ముసలాయన తనే ఎక్కి కూర్చున్నాడు. కారు నెమ్మదిగా వంపు తిరిగింది. కురువిళ వానలో నిలబడ్డాడు. బస్సుల్లేవు. ఆటోలన్నీ నిండిపోయాయి.

"చేట్టా, నాది ఖాళీయే" అన్నాడు ఫ్రీజరు బండి డ్రైవరు. "ముందు సీటు."

కింద తీక్కోయిలో కబురు అంతకుముందే ఫోనుల్లో చేరిపోయింది. నల్లగుడ్డ కారు, కురువిళ, వాగమణ్ దారి, అడ్డంగా మాను. పదిమంది చేతులు మారేసరికి మామ బతికాడు, మేనల్లుడు పోయాడు. కురువిళ వాకిట్లో టార్పాలిన్ కట్టేశారు, అద్దె కుర్చీలు దిగాయి, ఫాదరు కోసం మనిషి వెళ్ళాడు. ఏలిక్కుట్టి గడపలో కూర్చుని ఎవరేం చెప్పినా వినకుండా రోడ్డు వైపే చూస్తోంది.

సైరన్ వినబడింది. అడ్డుకునేవాళ్ళెవరూ లేని రోడ్డు మీద ఫ్రీజరు బండి కారు కంటే ముందే వచ్చి గేటు దగ్గర ఆగింది. వాకిలంతా లేచి నిలబడింది. ఏలిక్కుట్టి లేవలేకపోయింది.

ముందు తలుపు తీసుకుని కురువిళ దిగాడు.

ఆమె అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. వెనకున్న బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇచ్చాయా, కారు చూసి రమ్మని పంపిస్తే మీకు నచ్చింది ఇదా?"

కురువిళ ఒకసారి బండి వైపు తిరిగి చూసుకున్నాడు.

"ఏసీ మాత్రం బాగుంది" అన్నాడు.