సాక్ష్యం చెప్పే గీత

అంతర్జాతీయ కార్ల పందేలకీ, టెన్నిస్ పోటీలకీ కావలసిన తెల్ల గీతలుగా మా నగరంలో మనుషుల్నే పడుకోబెడతారు. రంగుతో గీసిన గీతకి నోరుండదు. బంతి తగిలిందా, చక్రం దాటిందా అని అడిగితే జవాబు చెప్పగల గీత కావాలని పోటీల సంఘం రాతపూర్వకంగా కోరింది. నగరంలో ఖాళీగా ఉన్నవాళ్ళకి కొదవ లేదు కనక కాంట్రాక్టు మీద తీసుకున్నారు.

అసిరినాయుడు పదకొండేళ్ళుగా గీత. సీజన్లో మొదటి మూడు నెలలూ బీచిరోడ్డు మీద కార్ల పందేనికి ముగింపు గీత, తర్వాత స్టేడియంలో టెన్నిస్ కోర్టుకి వెనక గీత. గీతకి ఆరుగురు, అతను మూడోవాడు. ఒక్కసారి కూడా దగ్గలేదని సర్వీసు రిజిస్టర్లో ఉంది.

వరసగా రెండువందల నలభై రోజులు పడుకున్న గీతని పర్మనెంట్ చెయ్యాలని నిబంధన. సీజన్ రెండువందల ముప్ఫైతొమ్మిది రోజులు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. క్యాలెండర్ ఏటా అలా కుదురుతోంది, అంతే.

ఈ ఏడు ఫైనల్ నాడు వాన పడి ఆట మర్నాటికి వాయిదా పడింది. ఆ కబురు విని అసిరినాయుడి భార్య నూకరత్నం ఏడ్చేసింది. మర్నాడు కుటుంబాలకి కేటాయించిన బెంచీ మీద అందరికంటే ముందొచ్చి కూర్చుంది. సాయంత్రం దాకా సరిగ్గా సాక్ష్యం చెబితే మొగుడు పర్మనెంట్.

చివరి పాయింటుకి బంతి అసిరినాయుడి మణికట్టు దగ్గర పడింది. అంపైరు ఆట ఆపాడు. సూపర్‌వైజర్ మృత్యుంజయరావు వంగి అడిగాడు.

"తగిలిందేంటయ్యా?"

"తెలీనేదు బాబూ."

"ఏదో ఒకటి చెప్పు. నీ ఉద్యోగం రా ఇది."

"నొప్పి తెలిసి శానా ఏళ్ళయింది బాబూ. అబద్దం సెప్పనేను."

ఏటా మూడు నెలలు కార్లు ఎక్కి తొక్కిన ఒంటికి బంతి దెబ్బ తెలియదన్న సంగతి షెడ్యూలు వేసినవాళ్ళకి తట్టలేదు. అయితే బంతి పడ్డ క్షణాన బెంచీ మీద నూకరత్నం "అమ్మా!" అని తన మణికట్టు పట్టుకున్నట్టు కెమెరాలో కనబడింది. ఆ సాక్ష్యం మీద పాయింటు ఇచ్చారు. కప్పు ఇచ్చారు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

డాక్టరు పరీక్షించి, మనిషి బతికే ఉన్నాడనీ, గీత మాత్రం చనిపోయిందనీ రాసిచ్చాడు. పర్మనెంట్ ఉద్యోగి పోతేనే ఇంట్లోవాళ్ళకి కారుణ్య నియామకం. అందుకని మృత్యుంజయరావు పెద్ద మనసు చేసుకుని, అసిరినాయుడిని ఆ ఉదయం నుంచి పర్మనెంట్ చేయించి, సాయంత్రం నుంచి మృతుడిగా నమోదు చేయించాడు. నూకరత్నం తన ఉద్యోగం ఆర్డరు కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం ముందు పెట్టింది. అసిరినాయుడు కూడా దండం పెట్టుకున్నాడు.

కొత్త సీజన్ మొదటి రోజు తెల్లారగానే ఇద్దరూ బీచిరోడ్డుకి వచ్చారు. నూకరత్నం చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుంది.

"తల ఎటెట్టమంటావు?"

"తూరుపుకెట్టు. పడమరకెడితే పొద్దుటెండ కళ్ళల్లో పడతాది."

ఆమె పడుకుంది. అతను వంగి ఆమె భుజం కొంచెం జరిపి, వరసకి తిన్నగా ఉందో లేదో చూశాడు. దూరంగా ఇంజన్లు మొదలయ్యాయి.

"భయపడకే," అన్నాడు. "మూడు నెల్లు ఓర్సుకో. ఆ తర్వాత ఏటీ తెల్దు."