సున్నపు గీతలు

ఆ ఆదివారం పొద్దున కౌసల్య టీచర్ మహా హుషారుగా ఉంది. విజ్ఞాన శాస్త్రంలో ఎన్ని శాఖలున్నాయో పుస్తకంలో చదివి పిల్లలు ఆవులిస్తున్నారని, వాటిని చేలగట్ల మీదే చూపిద్దామని అందరినీ బయలుదేరదీసింది. బొగ్గు గనుల భూపాలపల్లి దగ్గరి ఆ ఊరు ఆమె పుట్టిన ఊరే. వృక్షశాస్త్రం జట్టు ఆకులు కోసింది. జంతుశాస్త్రం జట్టు చీమల వెంట పడింది. భూగర్భశాస్త్రం జట్టు మాత్రం బీడు భూమిలో సున్నంతో గళ్లు గీసి, ఎర్ర జెండాలు పాతి, సుత్తెలతో రాళ్లు పగలగొట్టసాగింది.

తండా నుంచి మేకలు తోలుకొస్తున్న లింగ్యా ఆగిపోయాడు. "ఏంది టీచరమ్మా గిది?"

"భూమి లోపల ఏమున్నదో చూస్తున్నం లింగన్నా! ఎన్ని వింతలున్నయో ఎరుకేనా!" అంది కౌసల్య కళ్లు మెరిపిస్తూ.

సున్నపు గీతలు, ఎర్ర జెండాలు, భూమి లోపల. ఆ చుట్టుపక్కల ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం. బొగ్గు బాయి పడుతోంది, భూములు పోతున్నాయి, నష్టపరిహారం వస్తోంది! మేకలను నడిబాటలో వదిలేసి లింగ్యా ఊళ్లోకి పరుగెత్తాడు.

పరిహారంలో ఉత్త చేనుకు ఒక రేటు, తోటకు ఒక రేటు, షెడ్డుకు ఇంకో రేటు. మధ్యాహ్నానికల్లా నర్సరీలో మామిడి మొక్కలన్నీ అమ్ముడుపోయాయి. వజ్రమ్మ నాలుగు రేకులు నిలబెట్టి కోళ్ల ఫారం అంది. అందులో ఉన్నది ఒకటే కోడి, అదీ పక్కింటిది. కనకయ్య బండరాళ్ల సందులో కొబ్బరి మొక్క నాటి నీళ్లు కూడా పోశాడు.

తిరిగొస్తున్న కౌసల్యకు ఇదంతా చూసి నవ్వాగలేదు. తమ చేను చేరేసరికి మాత్రం ఆ నవ్వు ఎగిరిపోయింది. తండ్రి నిరంజన్ ట్రాక్టరెక్కి ఉన్నాడు. కాయ పగలబోతున్న పత్తిని దున్నేసి మామిడి పెడతాడట. ఏడాది పొడుగునా ఇల్లు గడవాల్సింది ఆ పత్తి మీదే.

"బాపూ, ఆగు! బాయి లేదు, గీయి లేదు. అది పిల్లల పాఠం!"

"సర్కారోళ్లు గట్లనే చెప్పుమన్నరా బిడ్డా?"

"ఆ గీతలు నేనే గీయించిన!"

"రుజువేంది? చూపెట్టు."

కౌసల్య గబగబా పాఠ్యపుస్తకం తెరిచి పట్టుకుంది. నిరంజన్ తొంగి చూశాడు. "గిదేంది మరి? బొగ్గు బొమ్మ ఉన్నది గదా!"

ట్రాక్టర్ కదిలింది. నాగళ్లు మొదటి సాలుకు దిగుతున్నాయి. కౌసల్యకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే నోటికొచ్చింది అనేసింది. "మన చేను బాయిల పోతలేదు బాపూ! గట్టు అవతలికే ఆఖరు!"

ఇంజన్ ఆగిపోయింది. నిరంజన్ మొహం వాడిపోయింది. "సొంత బిడ్డవుండి, గింత సున్నం ఇటు జరపకపోతివి!" అంటూ కిందికి దిగి, సీటు పక్కన పెట్టుకున్న మామిడి మొక్కను గట్టవతలికి విసిరేశాడు.

ఈ మాటకు మాత్రం ఆయన రుజువు అడగలేదు.