ఇర్మా గీసిన గీతలు

మే రెండో సోమవారం పొద్దున ఓరెస్ట్ వేసుకున్న పథకం చిన్నదే. రోడ్డు పక్క పొలంలో మధ్యాహ్నంలోపు మసూరు పప్పు గింజలు విత్తాలి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి రావాలి, రెండు గుడ్లు ఉడకబెట్టుకుని తినాలి. ట్రాక్టరెక్కి, ఉపగ్రహం సాయంతో దారి చూపే రిసీవర్ తెర వెలిగించాడు. తెర మీద పసుపు అక్షరాలు కనిపించాయి: దిద్దుబాటు సిగ్నల్ అందడం లేదు.

ఎందుకు అందడం లేదో అతనికి తెలుసు. ఫిబ్రవరిలో రిసీవర్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఉపగ్రహం ఏప్రిల్ నుంచి దిద్దుబాటు సిగ్నల్‌ను వేరే తరంగం మీద పంపుతుందనీ, పాత రిసీవర్లలోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించుకోవాలనీ, ఎక్కిస్తే లోపల దాచుకున్న గీతలన్నీ చెరిగిపోతాయనీ అందులో రాశారు. ఆ గీతలు ఉంటే స్టీరింగ్ తనంతట తానే తిరుగుతూ, జానెడు తేడా రాకుండా సాలు తీస్తుంది. పదకొండేళ్ళుగా ఆ గీతలు గీసిందీ, ట్రాక్టరు నడిపిందీ అతని భార్య ఇర్మా. ఓరెస్ట్ వెనకాల విత్తనాల లారీ తోలేవాడు. ఇర్మా నవంబరులో పోయింది. ఆ ఉత్తరం ఆమె పేరు మీదే వచ్చింది.

ఓరెస్ట్ తెర ఆర్పేసి, స్టీరింగ్ చేత్తో పట్టుకున్నాడు. అరవై అడుగుల గొర్రును అరమైలు లాక్కుపోయి, అవతలి గట్టున ఆగి వెనక్కి చూసుకున్నాడు. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

కెనడాలోని ఈ సస్కాచెవాన్‌లో మనిషి ఎలా ఉన్నాడని ఎవరూ అడగరు. రోడ్డు పక్క అతని సాళ్ళు చూస్తారు. సాయంత్రంలోపు ఆ పొలం ముందు పద్నాలుగు బళ్ళు నెమ్మదించాయి.

మర్నాడు పొద్దున్నే లైల్ వచ్చాడు. పక్క పొలం అతనిదే. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

"ఒరే, నిన్న తాగావా?"

"కాఫీ తాగాను."

"కాఫీ తాగినవాడు అలా తోలడు. ఎద్దు నడుస్తూ ఉచ్చ పోసినట్టుంది ఆ సాలు."

"ఎండ కళ్ళల్లో పడిందిరా."

"నిన్న రోజంతా మబ్బే కదా."

"మబ్బు వెలుగు ఇంకా చెడ్డది," అన్నాడు ఓరెస్ట్.

లైల్ ఇంటికెళ్ళి భార్య బెర్నిస్‌కి చెప్పాడు. బెర్నిస్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలింది. ప్రతి ఇంటి ముందూ ఆగడం ఆమెకు అలవాటు. మధ్యాహ్నానికల్లా ఊరి మాటల్లో ఓరెస్ట్‌కి ఒక కన్ను పోయింది. మూడింటికి రెండోది కూడా అనుమానంలో పడింది. గడప మీద ఇరుగుపొరుగు వండి తెచ్చిన గిన్నెలు చేరాయి. ఒకదాని మూత మీద ఎవరో అరచేయంత అక్షరాలతో 'బంగాళాదుంప' అని రాసిపెట్టారు.

సాయంత్రం బెర్నిస్ వంటింట్లోకి వచ్చి చెయ్యి చాపింది. "లారీ తాళాలు ఇటివ్వు."

"ఎందుకు?"

"గురువారం సస్కటూన్ పట్నంలో కంటి డాక్టరు నిన్ను చూస్తాడు. ఆయన సరేనన్నదాకా నువ్వు ఏదీ తోలకూడదు. లైసెన్సు వాళ్ళకి కూడా చెప్పాలేమోనని చూస్తున్నా."

లైసెన్సు మాట వినగానే ఓరెస్ట్ నిజం చెప్పేశాడు, సగం. "నా కళ్ళు బానే ఉన్నాయి. సిగ్నల్ మారింది. రిసీవర్‌కి అందట్లేదు."

గుమ్మంలో నిలబడ్డ లైల్ ముఖం విప్పారింది. "అంతేనా! మాదీ అంతే అయిందిరా. పది నిమిషాల పని. ప్రోగ్రాం నా జేబులోనే ఉంది." అని ట్రాక్టరు వైపు నడిచాడు.

ఆ వయసులో తాను అంత వేగంగా పరిగెత్తగలనని ఓరెస్ట్‌కి అప్పటిదాకా తెలియదు. లైల్ కన్నా ముందు చేరి, మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"లాభం లేదు. లోపల తాళం ఉంది. రహస్య సంకేతం. ఇర్మాకి తప్ప ఎవరికీ తెలియదు."

"ఇర్మా పెరటి తలుపుకే గొళ్ళెం పెట్టేది కాదు," అంది వెనకనుంచి బెర్నిస్.

"దీనికి పెట్టింది."

అబద్ధం మంచిదే, కానీ ఊరు ఇంకా మంచిది. బుధవారం పొద్దున్నించి ఫోను మోగుతూనే ఉంది. ధాన్యం గోదాం పక్క కాఫీ గదిలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆ సంకేతం ఏమై ఉంటుందో ఊహించారు. అంత్యక్రియల తర్వాత అతని ముందు ఇర్మా పేరెత్తడానికి భయపడ్డవాళ్ళంతా ఇప్పుడు ధైర్యంగా ఎత్తారు. ఆమె చిన్నప్పటి గుర్రం పేరు వేసి చూడమన్నారు. మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ ఆటలో ఆమె గెలిచిన సంవత్సరం చూడమన్నారు. పోస్టాఫీసావిడ, ఇర్మా తన దగ్గర కూర్చుని ఎవరికీ చెప్పకుండా అల్లం మిఠాయి తినేదని చెప్పి, ఆ మిఠాయి పేరు చూడమంది. ఓరెస్ట్ అన్నీ క్యాలెండరు వెనక రాసుకున్నాడు. మొత్తం నలభై ఒకటి. అందులో పదిహేడు అతనికి తెలియనివి.

గురువారం ఓరెస్ట్ కంటి డాక్టరు దగ్గరికి పోలేదు, గార్త్ వచ్చాడు. చుట్టుపక్కల రిసీవర్లు బాగుచేసేది అతనే. లైల్ పిలిపించాడు. గార్త్ సీట్లో కూర్చుని తెర వెలిగించాడు. మెట్టు మీద లైల్, కింద బెర్నిస్, ఆమె వెనక ఓరెస్ట్.

"ఇందులో తాళమేం లేదండీ," అన్నాడు గార్త్.

ఎవరూ ఓరెస్ట్ వైపు చూడలేదు.

"గీతలన్నీ ఉన్నాయి. ఒక్కోదానికి పేరు కూడా పెట్టారు. 'ఇక్కడ రాయి ఉంది, ఓరెస్ట్ నమ్మడు.' 'ఓరెస్ట్ కునుకు తీసిన మూల.' 'బెర్నిస్ కిటికీ, చెయ్యి ఊపాలి.'"

"ఊపేది," అంది బెర్నిస్. "నేను ఒక్కసారీ ఊపలేదు. చేతులు సబ్బులో ఉండేవి."

గార్త్ చివరిది కూడా చదివాడు. అది పోయిన మే నెలది. "'వచ్చే ఏడు ఓరెస్ట్‌కి నేర్పాలి.'"

లైల్ మెట్టు దిగాడు. జేబులోంచి ప్రోగ్రాం తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదరా."

"ఏమని చెప్పను?"

 ఈలోగా గార్త్ ట్రాక్టరు పైకప్పు మీది రిసీవర్ విప్పి, అడుగున దుమ్ము తుడిచి నంబరు చదివాడు.

"దీనికి కొత్త ప్రోగ్రాం ఉందని మీకెవరు చెప్పారండీ?"

"ఉత్తరం వచ్చింది."

"ఆ ఉత్తరం దీని తర్వాత వచ్చిన రకానికి. దీనికి ప్రోగ్రామే తయారుచెయ్యలేదు. ఆ కొత్త తరంగం దీనికి ఎప్పటికీ అందదు. లైల్ గారు పొద్దస్తమానం కూర్చున్నా ఇందులో ఒక్క గీత కూడా చెరపగలిగేవారు కాదు."

నాలుగు రోజులు, రెండు అబద్ధాలు, ఒక కన్నూ, ఒక తాళమూ. ఓరెస్ట్ ఇన్నాళ్ళూ దొంగ రాలేని ఇంటికి కాపలా కాశాడు. ముందు లైల్‌కి నవ్వొచ్చింది, తర్వాత బెర్నిస్‌కి. ఓరెస్ట్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళి ట్రాక్టరు చక్రానికి అవతలివైపు నిలబడ్డాడు. వాళ్ళు ఇటువైపే ఉండిపోయారు.

"ఈ గీతలు కొత్త రిసీవర్‌లోకి పోతాయా?" అని అటునుంచే అడిగాడు.

"పోవండీ. వీటిని చదవడం దానికి రాదు."

శుక్రవారం పొద్దున లైల్ అరువిచ్చిన కొత్త రిసీవర్ కప్పు మీద ఉంది. ఓరెస్ట్ పొలానికి ఈ చివర ఒక గుర్తు, ఆ చివర ఒక గుర్తు పెట్టాడు. తెర మీద గీత పడింది. దాని కింద పేరు రాయమని ఖాళీ గడి వచ్చింది. అతను దాని ముందు కూర్చుండిపోయాడు.

ఫోను మోగింది. విత్తనాల లారీలోంచి లైల్. "ఏరా, సిగ్నల్ రావట్లేదా?"

"వస్తోంది. పేరు అడుగుతోంది."

అటువైపు ఇంజను ఆగింది. "సరే. తొందరేం లేదు. నేను ఇక్కడే ఉంటా."

ఎంతసేపటికీ ఎవరూ ఏమీ రాయకపోయేసరికి, యంత్రమే ఆ గీతకు 'ఒకటి' అని పేరు పెట్టేసి, ఇక స్టీరింగ్ వదలమంది.