సెలవు కోసం వెతికిన పిల్ల

నేను కళ్ళారా చూసిందే చెబుతాను, పిసరంత కూడా కలపను. నేను బంట్రోతుగా ఉన్న నీటి సరఫరా ఆఫీసులో, మేమంతా అక్క అని పిలిచే ఆమెకు పెద్దసీటులో అది మొదటి రోజు. సాయంత్రం దాకా నవ్వకుండా ఉండాలని పొద్దున్నే తీర్మానించుకుంది. పాత అధికారి మెత్తనివాడు కావడంతో రోజూ సగం కుర్చీలు ఖాళీగానే ఉండేవి. ఈ వారంలోగా అందరినీ దారిలో పెట్టకపోతే మళ్ళీ పాత సీటుకే పంపుతామని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

ఆ కంగారులో అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోయింది. దాన్ని తెచ్చినవాడు ఆమె తమ్ముడు. స్కూటర్లు బాగుచేస్తాడు, నోరు మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు. అక్క మీటింగులో ఉందనేసరికి టైపిస్టు పక్కన చతికిలబడి చిన్నప్పటి సంగతి విప్పాడు. నాన్న సెలవు పెట్టాడని అమ్మ అంటే, ఐదేళ్ళ అక్క ఆ సెలవును ఎక్కడ పెట్టాడోనని ఇల్లంతా వెతికిందట.

బిల్లుల గదికి చేరేసరికి కథలో అక్కకు పదిహేనేళ్ళొచ్చాయి. పై అంతస్తుకు ఎక్కేసరికి పెళ్ళి కూడా అయిపోయింది. నేనక్కడ లేను గానీ, ఉంటే ఇద్దరు పిల్లల్ని కూడా కలిపేవాణ్ణి.

మీటింగు నుంచి వచ్చి అక్క సొరుగు లాగితే నాలుగు సెలవు చీటీలు, అన్నీ రేపటికే. కుర్చీ కింద మరో రెండు. ఇవేమిటని అడిగితే టైపిస్టు తల దించుకున్నాడు.

"మీకు వెతకడం సరదా అని మీ తమ్ముడుగారు చెప్పారండీ."

అక్క ఆరు చీటీలనూ పరపరా చింపింది. షెడ్డుకు వెళ్ళిపోయిన తమ్ముణ్ణి గ్రీజు చేతులతోనే రప్పించి, అదంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకోమంది.

"నిజాన్ని అబద్ధమని ఎలా చెప్పనక్కా? కావాలంటే అమ్మనడుగు."

"అడగడం కాదురా, పిలిపిస్తా. ఇవాళ నీ నోరు కుట్టించకపోతే చూడు."

వాళ్ళమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో రెండంతస్తులు ఎక్కించినందుకు ముందు ఇద్దరినీ కడిగేసింది. ఆ తరువాత సిబ్బంది వైపు తిరిగింది.

"వెతికిన మాట నిజమే. దొరికిందని చెప్పలేదా ఈ వెధవ? ఆయన చీటీ రాసి, ఇవ్వడం మరిచిపోయి, పరుపు కింద పెట్టుకుని పడుకున్నాడు. ఇది దాన్ని లాగి, సందు చివర ఆఫీసుకు పరిగెత్తి ఇచ్చొచ్చింది. లేకపోతే ఆయన ఉద్యోగం ఆ రోజే ఊడేది."

 ఈ ముక్క అక్కకే గుర్తులేదు. అయినా ఆమె కోపం చల్లారలేదు, దిక్కు మార్చుకుంది. హాజరు పుస్తకం తెరిచింది. ఇవాళ సెలవులో ఉన్నారని రాసిన తొమ్మిదిమందిలో ఒక్కరి చీటీ కూడా ఫైల్లో లేదు.

"సాయంత్రంలోగా ఈ తొమ్మిది చీటీలూ నా బల్ల మీదుండాలి. లేదంటే వాళ్ళ ఇళ్ళకొచ్చి పరుపులు నేనే ఎత్తి చూస్తాను."

మూడు గంటలకల్లా కుర్చీలన్నీ నిండాయి. పై అంతస్తు వాళ్ళు కూడా దిగొచ్చి, ఎందుకైనా మంచిదని తాము వచ్చామని చెప్పి వెళ్ళారు. తమ్ముడు చేతులు జోడించి, తప్పయిపోయిందక్కా అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

ఇందులో నేను అల్లింది ఆ చివరి వాక్యం ఒక్కటే.